వెబ్ పుటకు ఆహార్యము

ఒక వెబ్ పుట మన చేతి ఫోనుపై తెరచుకొనునప్పుడు ఒక్కొక్కసారి ఒక వింత కనబడును. మొదట అక్షరములన్నియు ఒకదానిక్రింద ఒకటిగా కుప్పపోసినట్లు వచ్చి పడును. పట్టికలకు గీతలు ఉండవు. శీర్షికలకు రంగు ఉండదు. మీటలు మీటలవలె కనబడవు. ఒకటి రెండు క్షణములు గడచిన పిమ్మట అవి అన్నియు చటుక్కున తమ తమ స్థానములకు జరిగి, పుట ఒక రూపమునకు వచ్చును. ఈలోపల చదువరి ఒక మీటను నొక్కబోయి మరియొక మీటను నొక్కియుండవచ్చును. సంబంధము మందగించిన చోట ఆ రూపము ఎంతకును రాకపోవుటయు కలదు. అప్పుడు చదువరి తన ఫోను చెడిపోయినదనియో, దానిని వాడుట తనకు చేతకాదనియో తలపోయును. నిజమునకు దోషము ఆయన ఫోనులోను లేదు, ఆయనలోను లేదు. పుటను తయారుచేసి పంపిన దూరపు యంత్రము విషయమును పంపినది గాని, దానికి తొడుగవలసిన రూపమును వెంట పంపలేదు.

ఆ దూరపు యంత్రమునే సర్వరు అందురు. పుటను తయారుచేయు సమయముననే దానికి కావలసిన రూపనియమములను కూడ ప్రోగుచేసి, విషయముకంటె ముందుగా పంపుట సర్వరు చేయవలసిన పని. వినుటకు ఇది చిన్న పనియే. చేయబూనినప్పుడు మాత్రము ఇందులో ఎన్నియో మెలకువలు కలవని తెలియును. వానిని గురించి ఈ ప్రసంగమున కొంత ముచ్చటించుకొందము.

ఇది మనకు దూరపు విషయము కాదు. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజ్‌పాయి మాధాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. హైటెక్ సిటీ అని నేడు మనము పిలుచు ప్రాంతమునకు అదియే మొదటి మేడ. ఆ సంవత్సరముననే మైక్రోసాఫ్టు సంస్థ హైదరాబాదులో తన అభివృద్ధి కేంద్రమును నెలకొల్పినది. 2010లో ఫేస్‌బుక్ సంస్థ భారతదేశమున తన మొదటి కార్యాలయమును ఈ నగరముననే తెరచినది. మాధాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల మేడలలో పనిచేయు తెలుగు యువతీయువకులలో ఎందరికో వెబ్ పుటలను నిర్మించుట దినచర్య. వారి బల్లమీది యంత్రములు వేగము గలవి. వారి సంబంధములు గాజుతీగెల ద్వారా వచ్చునవి. అందుచేత నేను పైన చెప్పిన వింత వారి కంటికి అరుదుగా కనబడును. అది కనబడునది ఆదిలాబాదు అడవి అంచున చిన్న ఫోను పట్టుకొన్న విద్యార్థికి, శ్రీకాకుళపు పల్లెలో పింఛను వివరము వెదకుచున్న వృద్ధునికి. చేయువారొకచోట, చదువువారొకచోట ఉండుటవలననే ఈ విషయము మరింత శ్రద్ధతో గ్రహింపదగియున్నది.

మొదట వెబ్ పుట యొక్క నిర్మాణమును తెలిసికొందము. ప్రతి పుటలోను రెండు భాగములు ఉండును. ఒకటి విషయము, అనగా శీర్షికలు, పేరాలు, పట్టికలు, మీటలు. రెండవది రూపము, అనగా ఏది ఏ రంగులో, ఎంత పరిమాణములో, ఎంత ఎడముతో ఉండవలెనో చెప్పు నియమములు. తొలి దినములలో ఈ రెండును కలగలిసి ఉండెడివి. 1994 అక్టోబరులో నార్వే దేశీయుడైన హోకన్ వియుమ్ లీ, ఈ రూపనియమములను వేరుచేసి ఒక ప్రత్యేకమైన పట్టికగా వ్రాయవచ్చునని ప్రతిపాదించెను. డచ్చి దేశీయుడగు బెర్ట్ బోస్ ఆయనతో చేతులు కలిపెను. వారి కృషి ఫలముగా 1996 డిసెంబరులో సి.ఎస్.ఎస్. అను రూపనియమ భాష ప్రమాణముగా వెలువడినది. నేటికిని లోకమందలి వెబ్ పుటలు ఆ భాషనే ఆశ్రయించియున్నవి.

ఈ భాషలో ఒక ముఖ్యమైన సూత్రము కలదు. ఒకే వస్తువును గురించి రెండు నియమములు వేరువేరు మాటలు చెప్పినచో, వాని బలము సమానమైనప్పుడు, తరువాత వచ్చిన నియమమే చెల్లును. కనుక నియమములు ఏవి అనుటయే కాక, అవి ఏ వరుసలో ఉన్నవి అనునది కూడ ప్రధానమే. ఈ సంగతిని శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు మరల దీనితో పని కలదు.

చాలకాలము సంస్థలు తమ పుటలన్నింటికిని కలిపి ఒకే పెద్ద నియమపట్టికను వ్రాసి ఉంచెడివి. పుటలు పదియో యిరువదియో ఉన్నప్పుడు ఇది సుఖముగనే ఉండెను. పుటలు వేలసంఖ్యకు పెరుగగా చిక్కులు మొదలైనవి. ఒకరు తమ మీటకు పెట్టిన పేరునే మరియొకరు తమ మీటకు పెట్టిరి. ఏ నియమము ఎవరికి అవసరమో తెలియక, తీసివేయుటకు జంకి, పాతవానిని అట్లే ఉంచి క్రొత్తవానిని చేర్చుచు పోయిరి. 2020 మే నెలలో ఫేస్‌బుక్ యింజనీర్లు తమ అనుభవమును ప్రకటించిరి. వారి పాత పుటలో మొదటి పుట తెరచుటకే కుదించిన రూపములో 400 కిలోబైట్లకు మించిన నియమములు పంపవలసి వచ్చెడిది; విప్పినచో అది 2 మెగాబైట్లు. అందులో మొదట తెరపై కనబడు భాగమునకు నిజముగా ఉపయోగపడినది నూటికి 10 వంతులు మాత్రమే. క్రొత్త పద్ధతిచే వారు మొదటి పుట నియమములను నూటికి 80 వంతులు తగ్గించుకొనిరి. అంత పెద్ద సంస్థకే ఆ బరువు దుర్భరమైనదన్న, చిన్న ఫోను గల చదువరి మాట చెప్పనేల?

ఈ చిక్కునుండి బయటపడుటకు వచ్చిన మార్గము కాంపొనెంటు పద్ధతి. మనము దీనిని అంగములు అందము. పుటను ఒకే ముద్దగా కాక, శీర్షపట్టి, వెదకు పెట్టె, మార్కుల పట్టిక, మీట అను అంగములుగా విడదీసి, ఒక్కొక్కదానిని విడిగా నిర్మింతురు. 2013లో ఫేస్‌బుక్ సంస్థ బహిరంగముగా విడుదలచేసిన రియాక్ట్ అను పనిముట్టు ఈ పద్ధతికి విశేషవ్యాప్తి కలిగించినది. 2014 నవంబరులో ఆ సంస్థ యింజనీరు క్రిస్టఫర్ షెడో ఒక సభలో, పెద్ద నియమపట్టికలవలని చిక్కులను వరుసగా ఎత్తిచూపి, ఏ అంగమునకు చెందిన నియమములను ఆ అంగముతోడనే ఉంచవచ్చునని వివరించెను. ఆ ఆలోచననుండి పలు పనిముట్లు పుట్టినవి. 2016లో వెలువడిన స్టైల్డ్ కాంపొనెంట్స్ అట్టివానిలో ప్రసిద్ధమైనది. దీనివలన ఒక అంగమును తీసివేసినప్పుడు దాని నియమములును దానితోనే పోవును. వాడని నియమము మూలబడి ఉండదు.

అయితే ఒక చిక్కు తీరినంతనే మరియొకటి ఎదురయ్యెను. ఈ అంగములు తమ నియమములను పుటలో చేర్చుట ఎక్కడ జరుగును? పుట బ్రౌజరులో, అనగా చదువరి ఫోనులో తయారగునప్పుడు చిక్కు లేదు. అక్కడ సజీవమైన పుట ఒకటి ఉన్నది. ప్రతి అంగమును తాను పుట్టిన వెంటనే తన నియమమును ఆ పుటలో తగిలించుకొనును. కాని ఆ పని జరుగుటకు ముందు ఫోను పెద్ద ప్రోగ్రామును దింపుకొనవలెను, చదువవలెను, నడిపింపవలెను. బలహీనమైన ఫోనుకు ఇది చాల భారము. అందుచే పుటను సర్వరులోనే వండి, సిద్ధాన్నమువలె పంపుట మేలని తోచినది. కాని సర్వరులో సజీవమైన పుట లేదు. అక్కడ తయారగునది కేవలము ఒక పొడుగాటి అక్షరమాలిక. అంగము తన నియమమును తగిలించుకొనుటకు అక్కడ కొక్కెము లేదు. ఎవరును పూనుకొని ఆ నియమములను ప్రోగుచేయనిచో అవి గాలిలో కలిసిపోవును. విషయము మాత్రము చదువరికి చేరును. మొదట చెప్పిన వింతకు ఇదియే కారణము.

దీనిని సుబోధము చేయుటకు మన నాటకరంగమునుండి ఒక ఉపమానము తీసికొందము. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున ‘కీచకవధ’ ప్రదర్శనముతో ఆరంభమైన సురభి నాటకసమాజము పేరు ఎరుగని తెలుగువారు అరుదు. ఆ కుటుంబములలో పలువురు నేడు హైటెక్ సిటీకి సమీపముననే శేరిలింగంపల్లిలోని సురభి కాలనీలో నివసించుచున్నారు. ఊరూర తిరిగి నాటకము ఆడు ఏ సమాజమునకైనను ఆహార్యము, అనగా వేషభూషల సామగ్రి, విస్తారముగా ఉండును. ఒక ఊరికి ఒక నాటకమునకై బయలుదేరునప్పుడు కొట్టులోని సామగ్రి అంతయు బండి కెక్కించుట వ్యర్థము. ఏమియు తీసికొనిపోక, తెర లేచిన పిమ్మట కిరీటముకొరకు మనిషిని పంపుట అవమానము. తెలిసినవారు నాటకమును ఒకసారి మొదటినుండి తుదివరకు మనస్సులో నడిపించుకొని, ఏ పాత్ర వచ్చినప్పుడు ఆ పాత్ర వేషమును పెట్టెలో వేసికొందురు. నలుగురు భటులు ఒకే తీరు దుస్తులవారైనను వారి దుస్తుల తీరును పట్టికలో ఒక్కసారియే వ్రాసికొందురు. తెర లేవకముందే ఆ పెట్టె రంగస్థలమునకు చేరును.

సర్వరు చేయవలసినదియు సరిగా ఇదియే. చదువరి ఒక పుటను కోరగానే సర్వరు ఒక ఖాళీ పెట్టెను సిద్ధపరచును. పిమ్మట పుటను అంగాంగముగా నిర్మించుచు పోవును. ఒక్కొక్క అంగము తన వంతు వచ్చినప్పుడు తన విషయమును అక్షరమాలికలో చేర్చి, తన నియమమును పెట్టెలో వేయును. అంగములన్నియు ముగిసిన పిమ్మట పెట్టెలోని నియమములను పుట శిరోభాగమున ఉంచి, దాని తరువాత విషయమును జోడించి, చదువరికి పంపును. బ్రౌజరు పుటను పైనుండి క్రిందికి చదువును. మొదట నియమములు కనబడును గనుక, తరువాత వచ్చు విషయమును మొదటినుండియు తగిన రూపముతోనే తెరపై చూపును. స్టైల్డ్ కాంపొనెంట్స్‌లో ఈ పెట్టెకు సర్వర్ స్టైల్ షీట్ అని పేరు. ఇతర పనిముట్లలో పేర్లు వేరైనను పని ఒక్కటే.

ఒక ఉదాహరణము చెప్పుకొందము. ఇంటర్మీడియట్ ఫలితములను తెలుపు పుట ఒకటి కలదనుకొనుడు. అందులో శీర్షపట్టి ఒకటి, విద్యార్థి వివరముల పెట్టె ఒకటి, మార్కుల వరుసలు ఆరు, ముద్రించుకొను మీట ఒకటి, వెరసి 9 అంగములు. కాని వరుసలు ఆరును ఒకే తీరువి. కనుక పెట్టెలో చేరవలసిన నియమములు 4 అంగములవి మాత్రమే. ఆ సంస్థవారి ఇతర పుటలలో వందలకొలది అంగములు ఉండవచ్చును. వానితో ఈ విద్యార్థికి నిమిత్తము లేదు. అతనికి కావలసినది తన మార్కులు, అవి చదువదగిన రూపములో.

ఈ ప్రోగుచేయుటలో పాటింపవలసిన ధర్మములు నాలుగు కలవు.

మొదటిది, ఏ నియమమైనను ఒక్కసారియే చేరవలెను. దీనికై ప్రతి నియమమునకు, దానిలోని అక్షరములనుబట్టి లెక్కగట్టి, ఒక గుర్తు పేరు కల్పింతురు. అవే అక్షరములు మరల వచ్చినచో అదే గుర్తు వచ్చును. పెట్టెలో ఆ గుర్తు ఇంతకుముందే ఉన్నదా లేదా అని చూచి, లేనిచో చేర్తురు, ఉన్నచో విడుతురు.

రెండవది, వరుస తప్పరాదు. ఇంతకుముందు చెప్పిన సూత్రము ఇచ్చట పనికివచ్చును. తెలుగు లిపి ఆంగ్లలిపివంటిది కాదు. మన అక్షరములకు పైన గుడులు, క్రింద ఒత్తులు ఉండును. ఆంగ్లమునకు సరిపోవు పంక్తుల ఎడము తెలుగునకు చాలదు. అందుచే తెలుగు పేరాలకు ఎక్కువ ఎడము నిచ్చు నియమము వేరుగా వ్రాయుదురు. సామాన్య నియమము ముందును, తెలుగు నియమము వెనుకను ఉన్నంతవరకు బాగుగనే ఉండును. ప్రోగుచేయుటలో వరుస తారుమారైనచో, సామాన్య నియమమే చెల్లి, పై పంక్తి ఒత్తు క్రింది పంక్తి గుడికి తగులును. చదువుట కష్టమగును. చిత్రమేమనగా, ఒక్కొక్క పుటలో అంగములు ఒక్కొక్క వరుసలో రావచ్చును గనుక, ఈ దోషము ఒక పుటలో కనబడి మరియొక పుటలో కనబడక, వెదకువారిని కలవరపెట్టును.

మూడవది, ఒక చదువరి పెట్టె మరియొక చదువరి పెట్టెతో కలియరాదు. సర్వరు ఒకరి పని ముగించి మరియొకరి పని చేపట్టునది కాదు. ఫలితములు వెలువడిన ఉదయమున ఒకే క్షణమున వేలమంది దాని తలుపు తట్టుదురు. ప్రతివారికిని ప్రత్యేకముగా ఒక పెట్టె ఉండవలెను. అందరికిని కలిపి ఒకే పెట్టె ఉంచినచో, ఒకరి పుటకు చెందిన నియమములు మరియొకరి పుటలోనికి పోవును. లేదా అవసరమైన నియమము ఇదివరకే చేరినదని భ్రమించి సర్వరు దానిని పంపక విడుచును. పని ముగిసిన వెంటనే ఆ పెట్టెను మూసి పారవేయవలెను. లేనిచో పెట్టెలు పేరుకొని సర్వరు జ్ఞాపకశక్తి నిండి, రద్దీ సమయముననే అది కూలబడును. ఒక్కరే కూర్చుండి పరీక్షించినప్పుడు ఈ దోషము ఎన్నడును బయటపడదు. జనము వచ్చిన దినముననే బయటపడును. అందువలన దీనిని అన్నింటికంటె ప్రమాదకరమైనదిగా నెంచవలెను.

నాలుగవది, సర్వరు పెట్టిన గుర్తు పేరును, తరువాత బ్రౌజరు పెట్టుకొను గుర్తు పేరును ఒక్కటిగా ఉండవలెను. సర్వరు పంపిన పుటను ఫోను తన వశము చేసికొని, మీటలకు జీవము పోయునప్పుడు, అంగముల పేర్లను తాను మరల లెక్కించును. రెండు చోట్ల లెక్క ఒక్కటైనచో అంతయు నిశ్శబ్దముగా జరిగిపోవును. భేదించినచో వచ్చిన రూపము చెదరి, పుట కన్నులముందే మారిపోవును. లెక్కలో గడియారపు సమయమును, యాదృచ్ఛిక సంఖ్యలను చేర్చరాదనుట ఇందువలననే.

ఇంతవరకు చెప్పినది యింజనీర్ల పనిశాలకు చెందిన సంగతి. కాని ఈ ధర్మములకు చక్కని నిదర్శనము తెలుగుననే కలదు. అది తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో వెన్న నాగార్జునగారి చొరవతో ఆరంభమైన ఈ విజ్ఞానసర్వస్వమును ఔత్సాహికులు స్వచ్ఛందముగా వ్రాయుచు వచ్చిరి. గచ్చిబౌలిలో 1998లో నెలకొన్న ట్రిపుల్ ఐటి విద్యాసంస్థవారును ఇందలి వ్యాసములను పెంపొందించుటకై ‘ప్రాజెక్ట్ తెవికీ’ అను పేర కృషిచేసిరి. వికీపీడియా పుటలు సర్వరులోనే తయారగును. అందలి అంగములకు తెలుగు వికీపీడియనులు పెట్టుకొన్న పేరు ఎంతయు సొంపైనది: వానిని ‘మూసలు’ అందురు. ఒక గ్రామమును గురించిన వ్యాసమున కుడివైపు కనబడు సమాచారపెట్టె ఒక మూస. అడుగున ఆ మండలములోని ఇతర గ్రామముల పేర్లు చూపు పట్టిక మరియొక మూస.

పూర్వము ఈ మూసల రూపనియమములకు రెండే తావులు ఉండెను. ఒకటి, సైటు మొత్తమునకు చెందిన ఉమ్మడి పట్టిక. దానిని మార్చు అధికారము నిర్వాహకులకే ఉండెను. పైగా అందులో చేర్చిన ప్రతి నియమమును, అవసరమున్నను లేకున్నను, ప్రతి చదువరియు మోయవలసి వచ్చెడిది. రెండవది, ప్రతి గడికిని, ప్రతి వరుసకును నియమమును విడివిడిగా వ్రాయుట. అప్పుడు వంద గడులున్నచో ఒకే మాట వందసార్లు వచ్చును. 2018లో వికీపీడియాలలో టెంప్లేట్ స్టైల్స్ అను ఏర్పాటు అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము ప్రతి మూసకును తన నియమములు గల ఉపపుట ఉండవచ్చును. వ్యాసము తయారగునప్పుడు ఏ మూస వాడబడినదో దాని నియమములే పుటలో చేరును. అదే మూస రెండవసారి వచ్చినచో నియమములను మరల చేర్చక, మొదటిదానిని చూపు చిన్న గుర్తు మాత్రము ఉంచును. నియమములు వ్యాసభాగమును దాటి బయటి తోరణములను తాకకుండ హద్దు ఏర్పరచును. అపాయకరములైన నియమములను వడపోయును. ఏ మూస వ్రాసినవారు ఆ మూస రూపమును తామే దిద్దుకొనుటకు వీలు కలిగినది. ఒకేసారి చేర్చుట, అవసరమైనవే చేర్చుట, హద్దు దాటకుండుట అను గుణములు మూడును అందులో స్పష్టముగా చూడనగును.

తెలుగు పుటలకు ఈ పొదుపు మరింత అవసరమనుటకు ఒక కారణము కలదు. అంతర్జాలముమీద అక్షరములు యూటీఎఫ్-8 అను సంకేతపద్ధతిలో పయనించును. అందు ఆంగ్లాక్షరమునకు 1 బైటు చాలును. తెలుగులో ప్రతి అక్షరమునకు, ప్రతి గుణింతపు గుర్తునకు, ప్రతి పొల్లునకు 3 బైట్లు వలయును. ‘హైదరాబాదు’ అను పేరులో గుర్తులు 9. అవి 27 బైట్లగును. అదే పేరును ఆంగ్లలిపిలో వ్రాసినచో అక్షరములు 9, బైట్లును 9. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమే 6 గుర్తులు, 18 బైట్లు.

ఈ లెక్క ఎందులకనగా, సర్వరు మొదటి విడతలో చదువరికి పంపదగిన భాగమునకు ఒక హద్దు కలదు. 2013లో ప్రకటితమైన పద్ధతి ననుసరించి అది సాధారణముగా 10 పొట్లములు, అనగా సుమారు 14,600 బైట్లు. అవి చేరినట్లు అవతలినుండి కబురు వచ్చిన పిమ్మటనే తక్కినది వడిగా పోవును. దూరపు పల్లెలో ఆ కబురు వచ్చుటకే జాగగును. ఆ మొదటి విడతలోనే నియమములును, విషయపు ఆరంభమును ఇమిడినచో చదువరికి వెంటనే ఏదో ఒకటి చదువదగినది కనబడును. అవసరము లేని నియమములు ఆ చోటును ఆక్రమించినచో తెలుగు మాటలకు తావు దొరకదు. కుదింపు పద్ధతులు ఈ భారమును చాలవరకు తగ్గించును గాని, బొత్తిగా పోగొట్టవు. ఇంకొక సంగతి. పుటకు ప్రత్యేకమైన తెలుగు ఖతి వాడినప్పుడు, ఆ ఖతి ఎక్కడ దొరకునో చెప్పునది కూడ రూపనియమమే. నియమము ఆలస్యమైనచో ఖతిని కోరుటయు ఆలస్యమగును. ఖతి వచ్చువరకు పలు బ్రౌజరులు 3 సెకనులదాక అక్షరములను చూపక దాచియుంచును. ఆలస్యముపై ఆలస్యము పేరుకొనును.

ఇచ్చట ఒక ధర్మసందేహము కలదు. పెట్టె నిండువరకు పుటను పంపరాదన్నచో, ఒక అంగము తన సమాచారముకొరకు ఎక్కడనో కాచియుండుట వలన పుట అంతయు ఆగిపోదా? ఆగును. అందుచే తయారైన భాగమును తయారైనట్లే ప్రవాహముగా పంపు పద్ధతి వచ్చినది. 2022 మార్చిలో వెలువడిన రియాక్ట్ 18వ కూర్పు దీనికి మంచి ఆధారము కల్పించినది. కాని ప్రవాహములో శిరోభాగము ముందే వెళ్ళిపోవును. తరువాత వచ్చిన అంగము యొక్క నియమమును ఎక్కడ ఉంచవలెను? ఇమోషన్ అను పనిముట్టు నియమమును ఆ అంగమునకు ప్రక్కనే ఉంచి పంపును. ఇది సులభమే గాని దీనిలో ఒక లోపము కలదు. వరుసలో మొదటివానికి మాత్రమే వర్తింపవలసిన నియమమున్నచో, నడుమ చొచ్చిన నియమపు ముక్కయే మొదటిదిగా లెక్కకు వచ్చి, ఆ నియమము గురితప్పును. 2024 డిసెంబరులో వెలువడిన రియాక్ట్ 19వ కూర్పులో ప్రతి నియమపట్టికకును ప్రాధాన్యము చెప్పు వీలు కల్పించిరి. దానినిబట్టి పట్టికలు సరియైన వరుసలో చేరును. ఒకటే పట్టిక రెండుమారులు రాదు. పట్టిక చేరువరకు ఆలస్యపు భాగము తెరపై కనబడదు.

మరికొందరు ఈ ప్రోగుచేయు పనిని సర్వరునుండియే తప్పించిరి. చదువరి రాకముందే, ప్రోగ్రాము నిర్మించు సమయముననే, అంగములను శోధించి నియమములను ఏరి పట్టికలుగా వ్రాసియుంచుట వారి పద్ధతి. ఫేస్‌బుక్ మాతృసంస్థయగు మెటా 2023 డిసెంబరులో బహిరంగపరచిన స్టైల్‌ఎక్స్ ఇట్టిదే. దీనివలన సర్వరుకు శ్రమ తగ్గును. పట్టిక వేరుగా ఉండును గనుక ఫోను దానిని ఒకసారి దాచుకొని, రెండవ పుటకు మరల కోరకుండ వాడుకొనును. పుటలోనే పొదిగి పంపిన నియమములకు ఈ సౌకర్యము లేదు. అవి ప్రతి పుటతోను మరల పయనింపవలసినదే. కనుక ఒక్క పుట చూచి వెళ్ళువారు ఎక్కువైన చోట పొదుగుట మేలు. పుటలవెంట పుటలు చదువువారు ఎక్కువైన చోట వేరు పట్టిక మేలు. రెండును ఉన్న చోట, మొదట కంటబడు భాగపు నియమములను పొదిగి, తక్కినవానిని వేరుగా పంపుట మధ్యేమార్గము. పద్ధతిని నిర్ణయింపవలసినది పనిముట్టు ప్రసిద్ధిని చూచి కాదు, చదువరి అలవాటును చూచి.

ఈ వృత్తిలో ప్రవేశించుచున్న విద్యార్థులకు ఉపకరించునని మూడు పరీక్షలు సూచించుచున్నాను. వీనికి ఖరీదైన సామగ్రి అక్కరలేదు. మొదటిది, బ్రౌజరులో ప్రోగ్రాములు నడవకుండ ఆపి పుటను తెరచి చూచుట. అప్పుడును పుట తగిన రూపముతో కనబడినచో సర్వరు తన పెట్టెను సక్రమముగా పంపినదని అర్థము. రెండవది, బ్రౌజరులోనే ఉన్న ఏర్పాటుతో సంబంధపు వేగమును తగ్గించి చూచుట. ఒక అర నిమిషము అట్లు కూర్చున్నచో చదువరి ఓపిక ఎంతటిదో బోధపడును. మూడవది, ఒకేమారు అనేకులు వేరువేరు పుటలు కోరినట్లు కల్పించి, ఒకరి నియమములు మరియొకరికి పోవుచున్నవేమో పరిశీలించుట. ఈ మూడింటికి నిలిచిన పుట ఏ ఊరిలోనైనను నిలుచును.

వెబ్ పుట నేడు వినోదమునకు మాత్రమే పరిమితమైనది కాదు. పరీక్షాఫలితము, పింఛను, భూమి లెక్క, ఆసుపత్రి చీటి, రైలు టిక్కెట్టు, ఇవి అన్నియు దానిద్వారమునే మన యింటికి వచ్చుచున్నవి. చదువు అంతగా లేనివారికి రూపము కేవలము అలంకారము కాదు. ఏది శీర్షిక, ఏది మీట, ఎక్కడ నొక్కవలెను అని చెప్పు మార్గదర్శి అదియే. రూపములేని పుట ముందు వారు నిస్సహాయులై ఊరిలోని చదివినవారిని పిలువవలసి వచ్చును. ఏ నియమము కావలెనో అదియే, ఒక్కసారియే, సరియైన వరుసలో, వారి పేరనే, విషయముకంటె ముందుగా పంపుట సర్వరుకు కొన్ని క్షణాంశముల పని. అది జరిగినచో ఆ వృద్ధుడు తన పింఛను వివరమును తానే చదువుకొనగలడు.